బిన్సి మరిచిన గొంతు

పొద్దున లేచిన దగ్గర్నుంచి బిన్సి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉంది. టిఫిన్‌కి పెట్టిన పుట్టు సగం తిని వదిలేసింది, తల ఆరకుండానే జడ వేసేసుకుంది. మధ్యాహ్నం మూడింటికి వాయనశాలలో, అంటే ఊరి గ్రంథాలయంలో, కమిటీ కూర్చుంటుంది. తంకమణి చేచ్చి లైబ్రేరియన్‌గా ఉండాలో ఇంటికి పోవాలో అక్కడే తేలిపోతుంది.

బిన్సికి అక్షరాలు కూడబలుక్కునే వయసులో పుస్తకాలు చేతికిచ్చి, మాసిపోయిన పేజీల్ని చూపించి చెవి మెలేసిన, పెద్దక్క లాంటి చేచ్చి తంకమణి. కంట్లో ఒత్తిడి పెరిగి, రెండు వర్షాకాలాలు తిరిగేసరికి ఆమె చూపు పూర్తిగా పోయింది. కమిటీ వాళ్ళు మర్యాదస్తులు, ముఖం మీద పొమ్మనలేదు. ఎవరూ పక్కన కూర్చుని చదివిపెట్టకుండా కౌంటర్ నడిపి చూపిస్తే చాలన్నారు. మర్యాదగా పొమ్మనడం అంటే ఇదే.

దానికి మందు బిన్సి దగ్గరుంది. తెర మీది మలయాళం అక్షరాల్ని పైకి చదివే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. నలుగురైదుగురు కలిసి ఊరికే రాసిపెట్టారు. వాళ్ళు రాసిందాన్ని ఎవరి కంప్యూటర్లోనైనా కూర్చునేలా ప్యాకేజీ కట్టడం బిన్సి పని. దీనికి జీతం లేదు, తిట్లు మాత్రం ధారాళంగా వస్తాయి.

వండినవాళ్ళు ముందు రుచి చూసినట్టు, కట్టిన ప్యాకేజీని ముందు తమ కంప్యూటర్లోనే పెట్టి చూడటం ఈ పనివాళ్ళ ఆచారం. అందుకు వాళ్ళకి డెబి అని ఒక కమాండ్ ఉంది. ప్యాకేజీ కట్టిన చోటే ఆ మాట టైపు చేస్తే, అప్పుడే తయారైన సరుకంతా తనే ఏరుకొచ్చి కంప్యూటర్లో సర్దేస్తుంది. మనం ఏదీ ఎంచక్కర్లేదు. బిన్సి నిన్న కూడా అలాగే పెట్టి చూసింది. ల్యాప్‌టాప్ చిలకలా మాట్లాడింది. ఆ ధీమాతో ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, గొడుగు పట్టుకుని త్రిశ్శూర్‌లో ఊరి బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి వాయనశాల నిండా తడిసిన గొడుగులే. అధ్యక్షుడు వారియర్ మాష్ రిటైరైన లెక్కల టీచరు, ఎవరు ఎక్కువ మాట్లాడినా గడియారం చూస్తాడు. కార్యదర్శి రాజప్పన్‌కి లైబ్రేరియన్ ఉద్యోగంలో తన తోడల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఉంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, తెలియనట్టు నటించేది ఆయనొక్కడే.

వాన పడితే ఆ ఊళ్ళో ఇంటర్నెట్ ముందు పోతుంది. అందుకే బిన్సి పెన్‌డ్రైవ్ గుచ్చి, లోపలి ఫైలు తీసి లైబ్రరీ కంప్యూటర్లో పెట్టింది. కంప్యూటర్ ఏ పేచీ పెట్టకుండా అంతా అయిపోయిందంది.

"కూర్చో చేచ్చీ. పుస్తకాల పట్టిక తెరిచి కింది బాణం నొక్కు."

తంకమణి చీర కొంగుతో వేళ్ళు తుడుచుకుని నొక్కింది. అందరూ చెవులు రిక్కించారు. బయట పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె మళ్ళీ నొక్కింది.

"చేచ్చికి కళ్ళు లేవు, దీనికి నోరు లేదు," అన్నాడు రాజప్పన్. "జోడీ బాగానే కుదిరింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"దాని నోటితో ఏం పనిలే రాజప్పా, ఊరందరికీ సరిపడా నీకుందిగా," అంది తంకమణి. నవ్వు ఈసారి అటు తిరిగింది. కానీ ఆమె తల వంచి, బిన్సికి మాత్రమే వినబడేలా, కూతుర్ని అడిగినట్టు అడిగింది. "నేనేమైనా తప్పు నొక్కానా మోళే?"

బిన్సి మౌస్ అందుకుంది. "నువ్వు కాదు చేచ్చీ. ఉండు, చూస్తాను."

స్పీకర్ చెడిందేమోనని ఒక పాట పెట్టి చూసింది. పాట గదంతా మోగింది. ప్యాకేజీ తీసేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతా సవ్యంగా ఉందనే అంది కంప్యూటర్. తప్పు చూపించి తిట్టినా బాగుండేది, తిట్టే కంప్యూటర్‌తో వేగడం బిన్సికి అలవాటే. బాగానే ఉన్నానని చెప్పి నోరు తెరవనిదాన్ని ఏం చెయ్యాలి?

"నాలుగున్నరకి నా బస్సు," అన్నాడు వారియర్ మాష్. "అప్పటిదాకా చూద్దాం. ఆ తర్వాత ఏదో ఒక తీర్మానం రాసెయ్యాలి మరి."

రాజప్పన్ అప్పుడే కలం తీశాడు.

బిన్సి వరండాలోకి పరుగెత్తి కోళిక్కోడ్‌లో ఉన్న హారిస్‌కి ఫోన్ చేసింది. ఆమె కట్టినవాటిని పరీక్షగా చూసి, నలుగురికీ అందేలా బయటికి పంపేది అన్నలాంటి అతనే.

"హారిస్ ఇక్కా, ఇది మాట్లాడటం లేదు! ఇక్కడ నా పరువు, చేచ్చి ఉద్యోగం రెండూ పోయేలా ఉన్నాయి."

"ముందు ఊపిరి పీల్చుకో. మీ ఇంట్లో మాట్లాడిందా?"

"బ్రహ్మాండంగా."

"ఇంట్లో ఎలా పెట్టావు?"

"ఎలా ఏంటి, ఎప్పట్లాగే డెబి కొట్టాను."

"మరి అక్కడ?"

"పెన్‌డ్రైవ్‌లోంచి ఫైలు తీసి పెట్టాను."

"ఫైలా, ఫైళ్ళా?"

"ఫైలే," అంది బిన్సి.

"ప్యాకేజీ బరువైపోయిందని పోయిన నెల గొంతుని విడదీసి రెండోది కట్టిన మహాతల్లి ఎవరే?" అన్నాడు హారిస్. "నువ్వు పెట్టింది చదివేదాన్ని. పలికేది రెండోదాంట్లో ఉంది. ఇంట్లో డెబి రెండింటినీ తెచ్చి పెట్టింది కాబట్టి నీకు తేడా తెలియలేదు. ఇంతకీ మొదటిదాంట్లో, నాకు రెండోది కావాలి అని రాశావా?"

రాయలేదు. ఉండాల్సింది ఒక్క వాక్యం. అది ఉంటే, ఫైలు పెట్టగానే లైబ్రరీ కంప్యూటర్ అడ్డం తిరిగి గొంతేదని నిలదీసేది. ఇంట్లో ఎప్పుడూ రెండూ కలిసే దిగేవి. కలిసి ఉన్నవాటిని కలిపి ఉంచమని ఎవరు రాస్తారు? అంత తెలివితక్కువగా నెల రోజులు గడిపినందుకు తనని తనే నాలుగు తన్నుకోవాలనిపించింది.

"ఇప్పుడు త్రిశ్శూర్‌లో ఇంటికి వెళ్ళి తెచ్చేసరికి చీకటి పడుతుంది ఇక్కా," అంది బిన్సి.

"ల్యాప్‌టాప్ ఎక్కడుందే?"

భుజాన వేలాడుతోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆమె ఫోన్ పెట్టేసి లోపలికి ఉరికింది. ఆమె గడప దాటేలోపు కరెంటు పోయి, పుస్తకాల పట్టిక ఉన్న లైబ్రరీ కంప్యూటర్ ఆరిపోయింది.

వారియర్ మాష్ గొడుగు అందుకున్నాడు. "ఇక రాసెయ్ రాజప్పా."

"ఈ వానలో మీ బస్సు టైముకొచ్చిన రోజు నేనే రాజీనామా ఇస్తాను మాష్," అంది తంకమణి. "కూర్చోండి, పాలు లేని కట్టన్ చాయ తాగుదురుగాని."

ఆమె గొంతులో వెటకారం ఉంది గానీ, చెయ్యి బల్ల అంచుని వదల్లేదు. మాష్ ఆ చెయ్యి చూశాడు. గొడుగు పక్కన పెట్టి కూర్చున్నాడు. చీకటి గదిలో టీ గ్లాసులు తిరిగాయి. గోడ గడియారం చప్పుడు చేసినప్పుడల్లా బిన్సి బల్బు వైపు చూసింది. నాలుగుంపావు దాటాక బల్బు వెలిగింది.

బిన్సి ల్యాప్‌టాప్‌లోంచి రెండో ప్యాకేజీ తెచ్చి పెట్టింది. తంకమణి బాణం నొక్కింది. కంప్యూటర్ ముక్కుతో ఒక పుస్తకం పేరు చదివింది. ఇంకో నొక్కు నొక్కితే అది ఏ అలమరలో ఎన్నోదో చెప్పింది.

"ఇదేంటే, అచ్చం మా అత్తగారిలా ముక్కుతో మాట్లాడుతోంది!" అంది తంకమణి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. వాన తగ్గాక వెళ్దామని ఆగిన ఒకామె వంటల పుస్తకం అడిగితే, తంకమణి కంప్యూటర్‌ని విని, లేచి, అలమరలో వేళ్ళతో లెక్కపెట్టి తెచ్చి ఆమె పేరున టైపు చేసుకుంది.

"ఇంకేం తీర్మానం? చేచ్చి ఉంటుంది," అన్నాడు మాష్.

"నేనెప్పుడు వద్దన్నాను?" అన్నాడు రాజప్పన్, కలం జేబులో పెట్టుకుంటూ.

అందరూ వెళ్ళాక హారిస్ ఫోన్ చేశాడు. బిన్సి ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"మాట్లాడిందా?"

"మాట్లాడింది. ఇక్కా, సోమవారం నువ్వు బయటికి పంపావు చూడు. అది కూడా ఇదేనా?"

"ఇదే. చాలామంది తీసుకున్నారు. రెండు అంధుల బడులు కూడా ఉన్నాయి. కంగారు పడకు, తీరిగ్గా సరిచేద్దాం. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

బిన్సి హమ్మయ్య అనుకోబోయింది. తంకమణి మాత్రం కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఎలా వస్తుంది మోళే?" అంది. "ఫిర్యాదు రాయాలంటే ముందు అది మాట్లాడాలి కదా."

బిన్సి టీ పక్కన పెట్టేసి, ఆ కౌంటర్ మీదే ల్యాప్‌టాప్ తెరిచింది.