చాంద్ మార్కా

పుచ్చకాయను ఒళ్ళోకి తీసుకుని, తొడిమె రెండు వేళ్ళ పొడవుందని చూసుకుని, సున్నపు డబ్బీలో బొటనవేలు ముంచి తొడిమె కొసకు అద్దింది ఉప్పలమ్మ. కుళ్ళు తొడిమెలోంచే కాయలోకి దిగుతుంది, ఆ దారి మూసేయాలి. అదే వేలిని పక్కన తొక్కమీద ఒకసారి ఒత్తింది. అది తాను చూసిన కాయ అని గుర్తు. తర్వాత కాయను గడ్డిలో పెట్టింది. పొలంలో నేలకు ఆనిన పసుపు మచ్చ ఇక్కడా కిందికే ఉండాలి. తోటి కూలీ లాడ్లీ బేగం ఎంత స్నేహితురాలైనా, మచ్చ పైకి పెడితే మాట పడవలసిందే.

జిల్లాలు విడిపోయిన ఏడాది ఉప్పలమ్మ కట్టంగూర్ హైవే పక్కన, పుచ్చకాయలు లారీలకెక్కించే ఈ షెడ్డులో చేరింది. ఇది ఏడో ఎండాకాలం. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు. మోకాళ్ళు వంగవు, కుడి బొటనవేలు కొడవలిలా వంగి బిగుసుకుపోయింది. ఆ వేలు ఒత్తిన సున్నం గుండ్రంగా పడదు, నెలవంకలా పడుతుంది.

ఆ రోజు కాయలు మిట్టమధ్యాహ్నం వచ్చాయి. అన్నీ ఎండలో కోసినవే. ఢిల్లీ లారీ అప్పటికే రోడ్డుమీద నిలబడి ఉంది. షెడ్డు యజమాని రఘుపతి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కిందటి లోడు సగం కుళ్ళి చేరింది. ఈసారీ అంతే అయితే మీ దగ్గర కొనేది లేదని అక్కడి వ్యాపారి తెగేసి చెప్పాడు. ఆ లోడు వెళ్ళిన వారం ఉప్పలమ్మ జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. అందరికీ తెలిసిందే కదా!

వెంటనే ఎక్కించమన్నాడు రఘుపతి. ఉప్పలమ్మ పీటమీదనుంచి కదల్లేదు. కాయ పొట్టమీద చేతి వెనకవైపు ఆనించి చూసింది.

"ఎండ ఇంక దిగలే బిడ్డా. గిట్లనే ఎక్కిస్తే లారీలనే ఉడుకుతయ్. పొద్దు గూకేదాంక నీడకు పెట్టుండ్రి."

"డ్రైవరు పోతనంటాండవ్వా."

"పోనియ్. కుళ్ళేటి కాయలు పంపుడు కంటె ఉత్త లారీ పోవుడే నయం."

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. పెనిమిటి బీరన్న ఉన్నప్పుడు ఒక్కసారే పుచ్చ వేశారు. వేడి కాయలను గుట్టగా పోసి పట్నం పంపితే, మూడో రోజుకు నీరు కారిపోయి పారబోశారు. బీరన్న మళ్ళీ ఆ విత్తనం ముట్టలేదు. ఆమె మాత్రం కాయ ఎందుకు చెడుతుందో తేల్చుకునేదాకా ఊరుకోలేదు. ఆ విషయంలో ఆమెకు గర్వం కాస్త ఎక్కువే. ఉంటే ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్నదే.

రఘుపతి ఆమె వంకా లారీ వంకా చూసి, చివరికి డ్రైవరును బతిమాలి అన్నానికి తీసుకుపోయాడు. కాయలను వేపచెట్ల కింద ఒక్క వరసగా పరిచారు. పొద్దు వాలాక ఉప్పలమ్మ మళ్ళీ చెయ్యి ఆనించి తల ఊపింది. గడ్డి మందంగా పరిచిన లారీలోకి కాయలు ఒక్కొక్కటిగా ఎక్కాయి.

ఎప్పటిలాగే లోడునుంచి ఒక కాయ తీసి షెడ్డు మూలన గడ్డిలో పెట్టింది. దాన్ని సాక్షికాయ అంటుంది. లారీ ఢిల్లీ చేరే నాలుగో రోజున కోసి చూస్తుంది. ఇక్కడ ఇది ఎలా ఉంటే అక్కడ అవీ అలా ఉన్నట్టే.

"నాల్గోనాడు నేనే కోస్త. ఎవ్వరు ముట్టకుండ్రి" అని చెప్పి, నడుం పట్టుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దెక్కినా ఆమె రాలేదు. లాడ్లీ బేగం పిలుచుకురావడానికి వెళ్ళింది. ఉప్పలమ్మ మంచంమీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకునే ఉంది. లాడ్లీ బేగం ఆమె నుదుటిమీద చేతి వెనకవైపు ఆనించింది. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

నాలుగో రోజు ఢిల్లీనుంచి ఫోను వచ్చింది. ఒక్క కాయ చెడలేదట. ఇకమీదట ఈ చాంద్ మార్కా సరుకే పంపమన్నాడు వ్యాపారి. తొక్కమీది నెలవంకను కంపెనీ ముద్ర అనుకున్నాడు. రఘుపతి సరేనని ఫోను పెట్టేసి, అందరి ముందే ఏడ్చాడు. లాడ్లీ బేగం డబ్బీలో వేలు ముంచి ఒక కొత్త కాయకు ఒత్తి చూసింది. గుండ్రంగా పడింది.

సాక్షికాయను కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. షెడ్డు మూలన, పసుపు మచ్చ కిందికి, తెల్లని నెలవంక పైకి పెట్టుకుని అది గడ్డిలో అలాగే ఉంది.