కుంకుడు నీళ్లు

లైప్‌జిగ్‌లో మా పక్కింటి యూదు పెద్దావిడ మిర్యమ్ గారు కొక్కెం బిగించమని తన పాత బంగారు లాకెట్ ఇచ్చారు. నా చేతులు ఊరుకుంటే కదా! గిన్నెడు కుంకుడు నీళ్లలో నానబెట్టి, తళతళలాడేలా తోమి పట్టుకెళ్లాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఈ చెక్కడపు గీతల్లోని మట్టి ఏది?"

"కడిగేశాను," అన్నాను గర్వంగా.

"నాజీలకు దొరక్కుండా అమ్మమ్మ దీన్ని పెరట్లో పాతింది. యుద్ధమయ్యాక అమ్మ తవ్వి తీసింది. అమ్మమ్మ ఏమైందో తెలీదు, సమాధి కూడా లేదు. ఆవిడ చేత్తో కప్పిన ఆ మట్టే మాకు మిగిలింది. అందుకే అమ్మా కడగలేదు, నేనూ కడగలేదు."

ఆ నీళ్లు నేనింకా పారబోయలేదు! ఒక్క పరుగున ఇంటికొచ్చాను.

పెళ్లయ్యాక ఒక్క గిన్నె కడిగిన పాపాన పోని మా ఆయన, సింకు దగ్గర ఆ గిన్నెను బోర్లిస్తూ నవ్వాడు.

"చూసినవా? నీకో పని తగ్గించిన!"