రాజీఖుషీ

“రేపు జర మంచి చీర కట్టుకో. ఆఫీసుల ఫొటో తీస్తరు,” అన్నాడు పరమేశ్వర్, అన్నం కలుపుకుంటూ.

పద్మారాణి అతని కంచంలో పప్పు వేసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసేనని ఆమెకు తెలుసు. పక్కనే కూర్చుని తింటున్న బావ లస్మయ్య, సూరత్ పక్కనున్న సచిన్‌లో మగ్గాల షెడ్డు పెడతానని, లోను రావాలంటే తన పేరు మీద ఓ ఇల్లుండాలని ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాడు. ఆమె పేరున ఉన్న ఈ ఇల్లు రాసిస్తే షెడ్డులో తమ్ముడికీ వాటా ఇస్తాడట. అన్నదమ్ములిద్దరూ అన్నీ మాట్లాడేసుకున్నారు. ఆమె వంతు వచ్చేసరికి మంచి చీర ఒక్కటే మిగిలింది.

“ఒక్క సంతకమే పద్మా. ఇల్లు యాడికి పోతది? అందరం గీన్నే ఉంటం గదా,” అన్నాడు లస్మయ్య, ఇంకాస్త పప్పు వెయ్యమని కంచం జరుపుతూ. ఆమె వేసింది.

సూరత్‌లోని ఉధ్నాలో ఈ రెండు రేకుల గదులు కొన్నప్పుడు, ఆడవాళ్ల పేరున కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదని ఎవరో చెబితే పరమేశ్వర్ ఆమె పేరు పెట్టించాడు. సిరిసిల్ల నుంచి అత్త ఫోన్లో గొడవ చేస్తే, “ఉత్త పేరే గదనే అమ్మా, ఇల్లు నాదే,” అని నవ్వాడు. పద్మ కూడా నవ్వింది. చీరలకు మెరుపు రాళ్లు అతికించీ అతికించీ వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆ సంపాదనంతా ఈ గోడల్లోనే పోసింది. అయినా సంసారంలో నీదేంటి, నాదేంటి అనుకుంది. అలా అనుకోవడం ఎప్పుడూ ఆడదాని వంతే ఎందుకైందో అప్పట్లో తోచలేదు.

ఈ వేసవిలో భయం పట్టుకుంది. ఎదురింటి పోశమ్మ మొగుడు కరోనాతో పోయాడు. ఇల్లు మరిది పేరున ఉంది. దినాలైనా కాకముందే అతను తాళం చేత్తో పట్టుకుని, “ఊరికి పో వదినె, గాడ ఎట్లనో గట్ల బతుకుతవ్,” అన్నాడు. పెళ్లయి వచ్చింది మొదలు సూరత్‌లోనే ఉన్న మనిషి, ఒక్క సంచీతో బస్సెక్కింది. ఊళ్లో ఆమెను సూరతోళ్ల మనిషంటారు. ఇక్కడేమో పరాయి రాష్ట్రం మనిషంటారు. ఏ ఊరూ తనది కాని ఆడదానికి తలుపు వేసుకునేందుకు ఓ గదన్నా ఉండాలి కదా. అప్పట్నుంచి పరమేశ్వర్ దగ్గితే చాలు, పద్మ చేతిలో పని ఆపి అతని వైపు చూసేది. మొగుడికేమవుతుందో అన్నదానికంటే ముందు, నేనెక్కడికి పోవాలి అన్న భయమే వచ్చేది. అలా వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయేది.

కూతురు హారతి గిన్నెలు తోముతూ మెల్లగా అడిగింది. “మమ్మీ, నువ్వెందుకు సైన్ చేస్తున్నవ్? మకాన్ తో తేరా హై నా? ఇల్లు నీదే గదా?”

“నోర్మూసుకో,” అంది పద్మ. వాళ్లు విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలోనే, లస్మయ్య వేలుపెట్టి చూపిన చోటల్లా సంతకాలు పెట్టింది. ఇక అయిపోయింది అనుకుంది. లోపల అధికారి ఆమెను మాస్కు తీయమన్నాడు. ఫొటో తీశాక, రోజూ అందరినీ అడిగే మాటే, తలెత్తకుండా గుజరాతీలో అడిగాడు.

“బెన్, రాజీఖుషీథీ ఆపో ఛో నే?”

ఇష్టపడే ఇస్తున్నారా, అని.

“హా సాబ్, రాజీ హై,” అన్నాడు పరమేశ్వర్.

“తమే నహీ. బెన్ బోలే,” అన్నాడు అధికారి. మీరు కాదు, ఆమె చెప్పాలి.

పెళ్లిచూపుల్లోనూ ఈ మాట ఎవరూ అడగలేదు. ఇల్లు కొన్నప్పుడూ అడగలేదు, అమ్మాయి తర్వాత ఇక పిల్లలు వద్దని ఆపరేషన్ చేయించినప్పుడూ అడగలేదు. ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి, విసుగ్గా అడుగుతున్నాడు. వెనక లస్మయ్య గొంతు సవరించుకోవడం వినిపించింది. అవునంటే అందరితో కలిసి ఆటోలో ఇంటికి పోవచ్చు. కాదంటే ఏమవుతుందో ఊహించడానికే ధైర్యం చాల్లేదు.

“నహీ సాబ్,” అంది. గొంతు తనది కాదేమో అనిపించి, మళ్లీ అంది. “రాజీ నహీ హూఁ.”

అధికారి మొదటిసారి తలెత్తి చూశాడు. కాగితాలు పక్కకు నెట్టి, తర్వాతి వాళ్లను పిలిచాడు.

బయటికొచ్చాక పరమేశ్వర్, “అన్న ముంగట ఇజ్జత్ తీసినవ్ గదనే,” అన్నాడు, ఏడుపు మొహంతో. లస్మయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. “ఇంటికి నడువ్. గాడ చెప్త నీ సంగతి!”

ఇంటికి అన్న మాటకే ఆమెకు భయమేసింది. తన ఇంటికి పోవడానికే తను ఇంతగా భయపడుతోందని అప్పుడు తట్టింది. రోడ్డు మీదికి నడిచి ఆటో ఆపింది. ఎక్కి కూర్చుని, కొంగు సర్దుకుంది.

“నేను ముందుగాల పోత బావా,” అంది. “మీరు వెనుక రాండ్రి. వచ్చి తలుపు కొట్టుండ్రి.”