పదిహేడు సెంటీమీటర్లు

జాయ్సీ అన్నీ కాగితం మీద రాసే పంపింది. కంప్యూటర్ డబ్బాకి పక్క మూత విప్పి, పిల్లల స్కేలు లోపల పెట్టి కొలిచింది. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే చోటు నుంచి హార్డ్ డిస్క్ బిగించిన ఇనుప అర దాకా పదిహేడు సెంటీమీటర్లు. అంతకంటే పొడవున్న కార్డు పట్టదు. ఒక్క ఫ్యానున్న పొట్టి కార్డే కావాలి. ఆ కాగితం ఫొటో తీసి ఏలూరులో కంప్యూటర్ షాపు నడిపే శ్రీహరికి వాట్సాప్‌లో పెట్టింది.

శ్రీహరి వెంటనే ఫోన్ చేశాడు. "మేడం, ఇంట్లో సార్ ఉంటే ఓసారి ఇస్తారా అండి? వివరంగా చెబుతాను."

"సార్‌కి ఇందులో ఏమీ తెలీదండి. నాకే చెప్పండి."

"అలాగేనండి. కంప్యూటర్ తెచ్చేయండి, గంటలో బిగించేస్తాను."

జాయ్సీది తాడేపల్లిగూడెం. తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తోంది. ఏదో ఆఫీసువాళ్లు వాడి అమ్మేసిన పాత బ్రాండెడ్ కంప్యూటర్ ఆమెది. ఈమధ్య కెమెరావాళ్లు తెచ్చే వీడియోలు మరీ బరువైపోయి, ఒక్క పాట కట్ చేసేలోగా తెర నాలుగుసార్లు బిగుసుకుపోతోంది. అందుకే వీడియో పని వేగంగా నడిపే ఈ గ్రాఫిక్స్ కార్డు.

మంగళవారం కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, పాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకుని ఏలూరు వెళ్లింది. బయలుదేరే ముందు హార్డ్ డిస్క్ ఊడదీసి ఇంట్లో పెడదామా అనుకుంది. భీమడోలులో తీసిన పెళ్లి వీడియో మొత్తం అందులోనే ఉంది. కెమెరాల్లోని మెమరీ కార్డులు తర్వాతి పెళ్లి కోసం అప్పుడే చెరిపేశారు. ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యాలని వారం నుంచీ అనుకుంటూనే ఉంది. కానీ కార్డు బిగించాక ఆన్ చేసి చూసుకోవాలి కదా అని డిస్కు అలాగే ఉంచేసింది.

"నేనిక్కడే కూర్చుంటానండి," అంది షాపులో.

"ఎందుకండీ, అంతా దుమ్ము. భోంచేసి రండి."

శ్రీహరి చెప్పిన గంట కాకముందే జాయ్సీ వచ్చేసింది. వెనక గదిలోంచి ఇనుము కోస్తున్న చప్పుడు అప్పుడే ఆగింది. శ్రీహరి చెమట తుడుచుకుంటూ వచ్చి నవ్వాడు.

"రెండు ఫ్యాన్ల కార్డు పెట్టానండి. మీరడిగినదానికంటే పెద్దది."

"పట్టదని రాశాను కదండీ."

"పట్టించానండి!"

డబ్బా తిప్పి చూపించాడు. హార్డ్ డిస్కు అర సగానికి కోసేసి ఉంది. మదర్‌బోర్డు మీద ఇనుప రజను మెరుస్తోంది. డిస్కుని ఓ మూల టేపుతో అంటించాడు.

"నన్నడక్కుండా కోశారా?"

"అడిగితే కంగారు పడతారనండి."

స్విచ్ వేశాడు. డిస్కు లోపల టక్, టక్, టక్ అని కొట్టుకుంది. అంతే. ఇంకేం రాలేదు.

"పాతది కదండీ. ముందే పోయుంటుంది."

"పొద్దున ఏడింటికి పనిచేసింది," అంటూ జాయ్సీ టేపు పీకి డిస్కు చేతిలోకి తీసుకుంది. ఒక అంచు కొత్తగా సొట్టపోయి ఉంది. "కింద పడేశారా?"

శ్రీహరి టేపు ముక్క ఏరి చెత్తబుట్టలో వేశాడు. "టేబుల్ మీద పెట్టానండి. కోసే మెషిన్ అదురుకి జారిపోయింది. ఎంతండీ, నడుమెత్తు కూడా లేదు."

జాయ్సీకి చెవులు వేడెక్కిపోయాయి. చేతిలోని డిస్కు అతని నెత్తిన వేసి కొట్టాలనిపించింది. కాపీ పెట్టుకోనందుకు తన చెంపలు తనే వాయించుకోవాలనీ అనిపించింది.

"కొత్త డిస్కు ఇచ్చేస్తానండి, ఊరికే," అన్నాడు శ్రీహరి.

"నాకేమీ వద్దండి. మీరు భీమడోలు రండి. ఆ పెళ్లికూతురి తల్లికి మీ నోటితో చెప్పండి."

"మీ పార్టీకి నేనెందుకు చెబుతానండీ?"

జాయ్సీ కౌంటర్ ముందున్న స్టూలు మీద కూర్చుంది. మౌస్ కోసం ఒకాయన వస్తే, "ఏవండీ, ఇక్కడ మీ సామాను వదిలి వెళ్లకండి," అని డిస్కు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. గొంతు పెంచలేదు. తర్వాత ప్రింటర్ తెచ్చిన టీచరమ్మకీ చెప్పింది. మూడో మనిషి ల్యాప్‌టాప్ బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. శ్రీహరి పళ్లు కొరుక్కుంటూ షట్టర్ లాగి, కారు తాళాలు తీశాడు.

భీమడోలు దాకా కారు ఎక్కడా ఆగలేదు.

పెళ్లికూతురు బిందు తల్లి రత్నమాణిక్యం ఇద్దరికీ మజ్జిగ తెచ్చిపెట్టింది. సీడీ తెచ్చారనుకుని ఆవిడ మొహం వెలిగిపోయింది.

"చిన్న టెక్నికల్ ప్రాబ్లం వచ్చిందండి," అని నసిగాడు శ్రీహరి.

"అలా కాదండి. సరిగ్గా చెప్పండి," అంది జాయ్సీ.

అతను చెప్పాడు. పెద్ద కార్డు తేవడం, అడక్కుండా ఇనుము కొయ్యడం, డిస్కు పడితే దాచడం, అన్నీ నేల చూస్తూ చెప్పాడు.

"ఇంకో కాపీ లేదామ్మా?" అనడిగింది రత్నమాణిక్యం.

"లేదండి. పెట్టుకోవాల్సింది. అది నా తప్పు."

"అప్పగింతలు కూడా పోయాయా?" అందావిడ. "ఆ వేళ నేను ఏడుస్తూ ఏమీ చూడలేదమ్మా. మా అమ్మాయి మొహం ఎలా ఉందో కూడా చూడలేదు. వీడియోలో చూసుకుందాంలే అనుకున్నాను." శ్రీహరి వైపు తిరిగింది. "కోసేముందు ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? రాసి మరీ ఇచ్చిందంటున్నావే!"

గుమ్మంలో 'రండి, కూర్చోండి' అన్న మనిషి నువ్వులోకి దిగేసరికి శ్రీహరి మొహం పాలిపోయింది.

"నీ మీదా కోపం లేదని చెప్పనమ్మా," అంది జాయ్సీతో. మజ్జిగ గ్లాసులు రెండూ నిండుగానే లోపలికి తీసుకుపోయింది.

డిస్కుని హైదరాబాదులో రికవరీ చేసేవాళ్ల దగ్గరికి శ్రీహరే పట్టుకెళ్లాడు. మూడు వారాల తర్వాత పెళ్లి వీడియో సగానికి పైగా తిరిగొచ్చింది. అప్పగింతల్లో పదకొండు నిమిషాలు దక్కాయి. చివర్లో మాట లేదు, బొమ్మే ఉంది.

ఈలోగా జాయ్సీ శ్రీహరి పెట్టిన పెద్ద కార్డు పీకేసి, పొట్టి కార్డూ కొత్త డిస్కూ వేరేచోట తెప్పించుకుంది. బోర్డు మీది రజనంతా బ్రష్షుతో దులిపి, రెండూ తనే బిగించుకుంది. నాలుగు స్క్రూల పని. ఇప్పుడు తెర ఆగడం లేదు. ప్రతి పెళ్లీ రెండు డిస్కుల్లో ఉంటోంది.

ఆ పదకొండు నిమిషాలూ రత్నమాణిక్యం జాయ్సీ ఇంటికే వచ్చి చూసింది. రెండోసారి పెట్టమంది. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.

ఆ సాయంత్రం శ్రీహరి ఫోన్ చేశాడు. "చూశారా అండి వాళ్లు? మేడం, మీరింకా కోపంగానే ఉన్నారా అండి?"

"ఉన్నానండి," అని జాయ్సీ ఫోన్ పెట్టేసింది.