అరవై ఎనిమిదో పుట

నేను ఒక నిఘంటువును. వెయ్యిన్నూట పన్నెండు పుటలు, ఎర్ర కాలికో గుడ్డ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు. మద్రాసులో ఒక అచ్చుకూటంలో పుట్టి, ముప్పై ఏళ్లు ఒక వకీలుగారి అద్దాల బీరువాలో బతికాను. ఆయన ఇంటికి వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేవారు. తెరిచింది మాత్రం ఒకే ఒక్కసారి, అదీ చెదలు పట్టాయేమోనని. ఆయన పోయాక పిల్లలు నన్ను పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. నేను, తక్కెట్లో! ఆ అవమానం నుంచి నేను ఇంకా తేరుకోలేదు.

పాత సామాన్ల బండి మీద నుంచి నన్ను సాయమ్మ తీసుకుంది. కారఖానావాళ్లు బాగాలేవని తిప్పి పంపిన రెండు కట్టల బీడీలు నాకు వెల. నిజామాబాదు దగ్గరి ఆ ఊళ్లో ఆడవాళ్లందరిదీ బీడీల పనే. సాయమ్మ అరుగు మీద ఆరుగురు కూర్చునేవారు, ఒళ్లో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. సాయమ్మ ఏడో తరగతి దాకా చదివింది కనుక నవల చదివి వినిపించేది. ఆమె చదివినంతసేపూ ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టాలి, అది వాళ్ల కట్టుబాటు. నన్ను తీసుకెళ్లి ఆ తంబాకు పొడిలో పెట్టారు. తుమ్మొచ్చినంత పనైంది.

వాళ్లు చదువుతున్నది గ్రంథాలయం నుంచి తెచ్చిన, వందేళ్ల నాటి నవల. అంతా గ్రాంథికం. అందులో హేమలేఖ అనే కోడలిని అత్తింటివాళ్లు తిండి పెట్టక, కొట్టి, రాచి రంపాన పెడతారు. ఒకచోట 'హేమలేఖ అసువులు బాసెను' అని ఉంది. సాయమ్మకు ఆ మాట తెలియదు. తెలియదంటే, తన బీడీలు చుడుతున్నవాళ్లకు మొహం ఎలా చూపిస్తుంది? బాసెను అంటే విడిచిందని తెలుసు కాబట్టి, అసువులంటే అత్తింటివాళ్లే అయి ఉంటారని తేల్చేసింది. హేమలేఖ వాళ్లను విడిచి తల్లిగారింటికి పోయిందని చదివి చెప్పింది. అరుగంతా సంబరం! పెద్ద మల్లవ్వ అందరికీ బెల్లం పంచిందట. ఆ తర్వాత ఆమె మొగుడు దుఃఖంతో నలభై పుటల పాటు దేశాలు పట్టి తిరుగుతుంటే, పెళ్లాన్ని వెతుక్కుంటున్నాడని వీళ్లు నవ్వుకుంటున్నారు!

నేను వచ్చిన రోజే ఇదంతా విన్నాను. కాళ్లూ చేతులూ ఉంటే ఆడకపోయేవి. అసువులంటే ప్రాణాలమ్మా! ఆ పిల్ల చచ్చిపోయింది! నా అరవై ఎనిమిదో పుటలో స్పష్టంగా రాసి ఉంది. లక్ష మాటలు కడుపులో పెట్టుకుని ఒక్కటీ పైకి అనలేకపోయాను.

అంతకంటే ఘోరం ఇంకొకటి తెలిసింది. వాళ్లలో అందరికంటే చిన్నదాని పేరు నర్సు. మొగుడు మణికట్టు విరగ్గొట్టినా ఆ ఇంట్లోనే పడి ఉన్న మనిషి, హేమలేఖ కథ విన్న మర్నాడే బిడ్డను చంకన వేసుకుని వెనక వాడలోని తల్లిగారింటికి వచ్చేసిందట. రేపు పెద్దమనుషుల పంచాయితీ. అత్తింటివాళ్లు ఆమెను తీసుకుపోవడానికి వస్తున్నారు.

"సాయక్కా, హేమలేఖ మల్ల అత్తగారింటికి పోతదా? ఆమె పోతే నేను గూడ పోత. అంత సదువుకున్నోళ్లు ఊకెనే రాస్తరా?" అని అడిగింది నర్సు.

సాయమ్మకు తన ఊహ మీద తనకే అనుమానం వచ్చింది. నన్ను ఒళ్లోకి తీసుకుని తెరిచింది. తునికాకు మరకల వేలు వరుసలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. "అవ్వో!" అంది. చాటలన్నింట్లోనూ చేతులు ఆగాయి.

అప్పుడు నాకు ఏమైందో చెబితే నమ్మరు. నిజం చెప్పడానికే పుట్టినదాన్ని, 'దాచెయ్యి తల్లీ, ఈ ఒక్కసారికి దాచెయ్యి' అనుకున్నాను. నన్ను చూసి నేనే నిర్ఘాంతపోయాను.

సాయమ్మ దాచలేదు. "నేను తప్పు జెప్పిన నర్సూ. ఆమె తల్లిగారింటికి పోలేదు. సచ్చిపోయింది."

"అయ్యో, మనం బెల్లం తిన్నమే!" అంటూ పెద్ద మల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నర్సు వంకరగా అతుక్కున్న మణికట్టును తడుముకుంది.

"ఎల్లనే లేదా? ఆ ఇంట్లనే ఉండి సచ్చిందా?"

"అవ్."

"అయితె నేను పోను" అని కత్తెర తీసుకుని ఆకు కోయడం మొదలుపెట్టింది. మర్నాడు పంచాయితీలో ఎవరెన్ని అడిగినా ఆ మాటే చెప్పిందట. పోలేదు.

ఇప్పుడు నేను ఆ ఊరి గ్రంథాలయంలో కింది అరలో ఉన్నాను. బంగారు అక్షరాలు రాలిపోయాయి, తంబాకు వాసన మాత్రం పోలేదు. పంచాయితీ అయిన సాయంత్రం సాయమ్మ పెన్సిలుతో నా ఒంటి మీద రాసింది. నా మీద రాతలా అని మండిపడ్డాను, చదువుకున్నాక నోరు మూసుకున్నాను. అరవై ఎనిమిదో పుట తెరిస్తే మీకూ కనిపిస్తుంది. 'అసువులు: ప్రాణములు' అని నా అచ్చు. పక్కనే వంకర అక్షరాల్లో, 'నర్సుయి దక్కినయ్.'