చెప్పుల వరుస

ఏడున్నరకే వరండా కడిగించి, దవాఖాన అటెండర్ అబ్దుల్ బారీ చెప్పుల జతలను గోడ వెంట సర్దుతున్నాడు. ఆ సర్కారు దవాఖానలో గంటల తరబడి నిలబడే ఓపిక ఏ రోగికీ ఉండదు. అందుకని డాక్టరమ్మ గది ముందు చెప్పులు వదిలి నీడన కూర్చుంటారు. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్లదే ముందు వంతు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ వరుసకు కాపలా బారీయే. ఎవరైనా తమ జతను కాలితో మెల్లగా ముందుకు తోశారా, ఇక ఆయన నోటికి దొరికిపోయినట్టే.

సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. ఖాకీ చొక్కా, గోరింటాకు పెట్టిన గడ్డం. ఈరోజు తన చెప్పులు కూడా విడిచి నాలుగో చోట పెట్టాడు. తెల్లవారుజాము నుంచి రొమ్ము మీద బండ పెట్టినట్టుంది. ఎడమ చెయ్యి గుంజుతోంది. డాక్టరమ్మకు చూపించుకోకుండా ఇంటికి రావద్దని భార్య గుల్షన్ బేగం గట్టిగా చెప్పి పంపింది.

దవాఖానలో పనిచేసేవాడికి వరుసేమిటని నవ్వేవాళ్లున్నారు. ఆయనకు అదో పిచ్చి. సర్పంచ్‌నూ, సొంత బావమరిదినీ వెనక్కి పంపిన మనిషి ఇప్పుడు తలుపు తోసుకుని ఎలా పోతాడు? నిజాం కాలంలో నాలుగు మంచాలతో మొదలైన దవాఖాన అది. ఇప్పుడు యాభై మంచాలు, పెంకుల బదులు స్లాబు. వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపొద్దని, ఉద్యోగంలో చేరిన రోజు ముసలి కాంపౌండర్ చెప్పిన మాటను మాత్రం బారీ మారనివ్వలేదు.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. బస్సులు లేవు. కేసముద్రం, దంతాలపల్లి వైపు జనం ట్రాక్టర్లెక్కి వస్తున్నారు. డాక్టర్లు వంతులవారీగా సమ్మె శిబిరంలో కూర్చుంటున్నారు. ఈరోజు లోపల కరుణ డాక్టరమ్మ ఒక్కతే ఉంది. బారీ జేబుకూ నల్ల బ్యాడ్జీ ఉంది. తెలంగాణ వస్తే ఇక్కడ పదిమంది డాక్టర్లుంటారని ఆయన నమ్మకం.

తొమ్మిదింటికి పూల్‌సింగ్ అనే తండా మనిషి, ఫిట్స్‌తో కొట్టుకుంటున్న బిడ్డను భుజాన వేసుకుని ఉరికొచ్చాడు. బారీ ఆ పిల్లను నేరుగా లోపలికి పంపించాడు. జనం గొణిగారు.

"ఎందుకు లొల్లి? ఆ పిల్ల నా వంతుల పోయింది. మీదెవ్వలిది పోలే" అంటూ తన చెప్పులు తీసి చిట్టచివర పెట్టుకున్నాడు.

పదిన్నరకు మళ్లీ నాలుగో చోటికి వచ్చాడు. అప్పుడే ట్రాక్టర్‌లో తారి అనే నిండు గర్భిణి వచ్చింది. చీరంతా నెత్తురు. ఆమెనూ లోపలికి పంపాడు, బారీ చెప్పులు మళ్లీ చివరికి పోయాయి.

ఆ తర్వాత వచ్చి ఆయన వెనక చెప్పులు వదిలింది పెద్దవంగర లచ్చవ్వ. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ.

"బారీ, నీ మొకం గట్లున్నదేంది బిడ్డా? చెమటలు కారుతున్నయి. లోపటికి పో."

"గ్యాసే అవ్వా. నేను ఆగుత. నాకేమైతది?"

ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో మొహం చూసి చెప్పడంలో ఆయన ఎన్నడూ తప్పలేదు. తన మొహం చూసుకునే అద్దం మాత్రం ఆ వరండాలో లేదు. పైజామా ఎగదోసుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల వాలింది.

"పొద్దుగాలటి సంది నిలవడ్డడు. జర పండనియ్యుండ్రి" అంది లచ్చవ్వ. అందరూ గొంతు తగ్గించారు.

వరుస కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు వంగి, ఆయన చెప్పులను చేత్తో ముందుకు జరిపారు. ఆ పూట ఒక్కరూ మోసం చెయ్యలేదు. అలా జరుగుతూ జరుగుతూ అవి గడప దాకా వచ్చాయి.

"తర్వాతెవరు?" లోపలి నుంచి కరుణ పిలిచింది.

లచ్చవ్వ సంబరంగా వెళ్లి భుజం తట్టింది. "లే బిడ్డా, నీ వంతొచ్చింది."

ఆయన పక్కకు ఒరిగిపోయాడు. లచ్చవ్వ కేక దవాఖానంతా వినిపించింది.

కరుణ పరుగెత్తుకొచ్చి రొమ్ము మీద రెండు చేతులతో నొక్కింది. నొక్కుతూనే ఉంది. చివరికి చేతులు తీసేసింది.

"ఎంతసేపైంది ఇట్లా?"

నిద్రపోతున్నాడనుకుని ఇంతసేపూ తాము కాపలా కాసింది దేనికో అప్పుడు అందరికీ తెలిసింది. పూల్‌సింగ్ తేరుకున్న బిడ్డను ఎత్తుకుని గోడకు అంటుకుపోయాడు.

"పొద్దున నాకు చాయ్ తెచ్చిచ్చిండు. ఒక్క మాట చెప్పలేదు... ఒక్క మాట..." అంటూ కరుణ నేల మీదే కూలబడింది. ఆమె కుర్చీకీ ఆ స్తంభానికీ మధ్య పది అడుగులు లేవు.

లచ్చవ్వ తన వంతు అడగలేదు. వెనక ఎవరూ ముందుకు జరగలేదు. గడప ముందు, అన్నింటికన్నా మొదట, మడమల దగ్గర అరిగిన ఆ తోలు చెప్పులు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.