నాజ్‌నీన్ వెనక మబ్బు

నాజ్‌నీన్ ఊరికి వస్తోందని ఫోనొస్తే ఫాతిమాబీ మొట్టమొదట చేసే పని దండెం మీది బట్టలు లోపలికి లాగెయ్యడం. ఆ తర్వాత మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు ఎత్తుతుంది. కోడికూరకు మసాలా నూరేది ఆ తర్వాతే. మనవరాలి వెనకాలే ఆమె మబ్బు కూడా వస్తుంది కదా మరి.

ఆ మబ్బు నాజ్‌నీన్‌తో పాటే పుట్టింది. అప్పట్లో దుప్పటంత ఉండేది. పిల్ల నడిస్తే వెనకే నడిచేది, కాసేపు ఒకచోట నిలబడితే నెత్తి మీదికొచ్చి కురిసేది. గార్లదిన్నె పక్కన ఆ పల్లెలో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. కొందరికి పుట్టుమచ్చలుంటాయి, కొందరికి నత్తి ఉంటుంది, ఖాజా పీర్ కూతురికి మబ్బుంది. అయితే వాన మొహం చాటేసే సీమలో మబ్బున్న పిల్లను ఊరికే వదుల్తారా? కాలవ నీళ్లకు వంతులేసుకున్నట్టు నాజ్‌నీన్‌కు వంతులేసుకున్నారు. ఈరోజు ఆదెప్ప చేను, రేపు గంగాధరప్ప చేను. బడి వదలగానే తీసుకెళ్లి చేను నడుమ నిలబెట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, "కదలొద్దు తల్లీ" అనేవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. కళ్లముందు పైరు మాడిపోతుంటే పక్కింటి పిల్ల వణుకు కనబడదు, అంతే.

ఒక ఏడు పిల్లకు జ్వరం తగులుకుని ఎంతకీ దిగలేదు. వంతుకోసం వచ్చినవాళ్లను ఖాజా పీర్ వాకిట్లోనే నిలేశాడు. "బిడ్డ బతికితే గదప్పా మీకు వాన!" అని, కూతుర్ని తన ప్యాసింజర్ ఆటోలో కూర్చోబెట్టుకుని అనంతపురం రోడ్డెక్కి, బండి ఎంత వేగంగా పోగలదో అంత వేగంగా తోలాడు. నాజ్‌నీన్ వెనక్కి తిరిగి చూసింది. మబ్బు ఎక్కడో దూరాన మిగిలిపోయింది. ఒంటి మీద ఎండ పడింది, గౌను ఆరింది. బుద్ధెరిగాక అంతసేపు పొడి బట్టల్తో ఉండటం అదే మొదలు.

"ఇంకా బిర్నా తోలు నాయనా" అంది.

ఆ మాటే ఆమె బతుకైంది. బెంగుళూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ, కరెంటుతో నడిచే చిన్న రేసు బండ్లు తోలింది. వాటి మీద గెలిచి గెలిచి పెద్ద కార్లకు వెళ్లింది. జట్టుతో దేశాలు తిరిగింది. మబ్బు పాపం సముద్రాల మీదుగా పడుతూ లేస్తూ వచ్చేది, వచ్చేసరికి నీళ్లు తాగి చెరువంత అయ్యేది. ఒక్కోచోట ఆమె విమానమెక్కాక చేరేది, ఒక్కోచోట సరిగ్గా రేసు నడుమ చేరేది.

కరెంటు రేసుకు వేగమొక్కటే చాలదు. బ్యాటరీలో ఉన్న ఛార్జితోనే ఆఖరి చుట్టు దాకా నెట్టుకురావాలి. మలుపుకు ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేసి బండిని దాని ఊపుకు వదిలితే ఛార్జి మిగులుతుంది, కాస్త తిరిగొస్తుంది కూడా. కాబట్టి తొక్కడం ఎంత రావాలో ఎత్తడమూ అంతే రావాలి. నాజ్‌నీన్‌కు ఆ రెండోదే రాదు. కాలెత్తబోయిందా, చేను నడుమ తడుస్తూ నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది, కాలు దానంతటదే కిందికి పోతుంది. అందరికంటే ముందు పరిగెత్తి, ఆఖర్లో ఛార్జి అయిపోయి పక్కన ఆగిపోవడం ఆమెకు రివాజైపోయింది.

జట్టు ఇంజనీరు ప్రతాప్‌ది గుత్తి. మొహమాటం ఎరగని మనిషి.

"ఇంగొక్క రేసే ఉండాది పాపా. ఈతూరి గూడా దావలో నిల్చిపోతే వచ్చే ఏడు నీ సీటు ఇంకొకరికిస్తారంట. కాలెత్తేది నేర్చుకో."

"ఎత్తితే అది వచ్చేస్తాదన్నా."

"వస్తే ఏమైతాది? తడుస్తావు. అంతే గదా?"

సీటు పోతే మళ్లీ ఇంకో జట్టు పిలవదని ఆమెకు తెలుసు.

ఆ ఆఖరి రేసు మద్రాసు వైపు. దానికి ముందు ఇంటికి వచ్చింది. ఊళ్లో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఆ జ్వరం నాటి నుంచి ఊరికి అదొక సిగ్గు. వేరుశనగకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే అదను. నేల బిగుసుకుపోయి ఊడలు లోపలికి పోలేక పైపైనే ఎండుతున్నాయి. చేని గట్టు మీద కూర్చున్న ఆదెప్ప ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఏం మామా, పలకరీయవు?"

"పలకరిస్తే అడగబుద్దైతాదమ్మా. నీ పాటికి నువ్వు పో."

నాజ్‌నీన్ పోలేదు. చెప్పులు గట్టు మీద విడిచి చేను నడుమకు నడిచింది. ఆదెప్ప "వద్దు తల్లీ, వద్దు" అంటూ లేచాడు. మబ్బు వచ్చింది. మొదటి చినుకు మెడ మీద పడగానే కాళ్లు పరిగెత్తమన్నాయి. ఆమె వాటి మాట వినకుండా కిందనే కూలబడింది.

ఫాతిమాబీ యూరియా సంచి నెత్తికి కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. "సాల్లే, ఇంట్లోకి రా! మళ్లా జ్వరమొస్తాది."

"ఉండు జేజీ. ఎప్పుడూ నడుమనే లేపుకపోతాంటిరి, లేకుంటే నేనే ఉరుకుతాంటి. ఇది కడదాకా కురిసేది నేనెప్పుడూ చూడలే."

ముసలామె ఒక్క క్షణం చూసి, సణుక్కుంటూనే సంచిలో సగం మనవరాలికి కప్పి పక్కన కూర్చుంది. వాన ఆదెప్ప చేను దాటి, గంగాధరప్ప చేను దాటి ఊరంతా పరుచుకుంది. పొద్దున నాజ్‌నీన్ బయల్దేరేటప్పటికి కూడా కురుస్తూనే ఉంది. "ఎనకే వస్తాదిలే" అన్నాడు ఖాజా పీర్, ఎప్పుడూ అనేమాటే.

రేసు సగం దాటాక చెవిలో ప్రతాప్ గొంతు వినిపించింది. "ఎత్తు పాపా."

తడిస్తే తడుస్తానులే అనుకుని మలుపుకు ముందే ఎత్తింది. అందరికంటే ముందున్న ఆమెను రెండు కార్లు దాటుకుని పోయాయి. తర్వాతి మలుపులోనూ ఎత్తింది. అప్పుడు అద్దంలోకి చూసింది. వెనక ఆకాశం ఖాళీగా ఉంది. ఆఖరి చుట్టులో ఆ ముందు పోయిన కార్లలో ఒకటి ఛార్జి చాలక పక్కకు తప్పుకుంది. నాజ్‌నీన్ దాన్ని దాటి రెండోదిగా గీత దాటింది. "సీటు నీదే" అని ప్రతాప్ అరిచాడు.

హెల్మెట్ తీయగానే నాయనకు ఫోన్ చేసింది.

"ఈడ వాన పడతా, నిల్చుకుంటా, మళ్లా పడతా ఉండాది" అన్నాడు ఖాజా పీర్. "ఊడలన్నీ దిగినాయి. ఏమ్మా, మబ్బు నీ తావుకు రాలేదా?"

"రాలేదు నాయనా."

"తోలమంటావా?" అన్నాడు, మేకను తోలే మాటలా.

"వద్దు. ఆడనే ఉండనీ."

సీటు దక్కిన సంతోషంతో పాటు, సొంత మనిషిని ఊళ్లో దింపి వచ్చినట్టు దిగులేసింది, కళ్లు తుడుచుకుంది. నడినెత్తిన ఎండ కాలిపోతోంది. నీడ ఎక్కడుంటుందో చూసుకోవడం మబ్బు వెంటున్న ఇన్నేళ్లలో ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసింది, అందరిలాగే ఒక గోడ వారన నీడ వెతుక్కుని అక్కడికి నడిచింది, మెల్లగా.